దిగేటప్పుడు లేని నొప్పి

కరెంటు కార్ఖానా చిమ్నీలు మా వైపు ఆకాశంలో కొత్తగా కనబడుతున్న కాలంలో, రాయచూరులో ఎవరింటి పిల్లవాడికి నౌకరీ దొరికిందన్నా జనం ముందు అడిగే మాట "ప్లాంట్లనా?" అనే. ప్లాంటులో అయితే పిల్లనిచ్చేవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు, కాకపోతే చాప పరిచేవారు. నేనూ ప్లాంటులోనే పనిచేశాను గానీ, నా సంగతి చెప్పాలంటే మా ఇంట్లో అందరూ కాస్త నీళ్లు నమిలేవారు. ఎందుకంటే నేను పనిచేసింది ప్లాంటు లోపల కాదు, ప్లాంటు తాగే నీళ్ల లోపల. కృష్ణలోంచి నీళ్లు లాక్కునే చోట అడుగున పెద్ద ఇనుప జాలీ ఉంటుంది. దానికి తుంగ, కొమ్మలు, చిరిగిన వలలు, ఎవరివో ఒంటికాలి చెప్పులు వచ్చి అతుక్కుంటాయి. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, కిందికి దిగి వాటిని పీకి పారేయడం మా పని. "మీవోడు ఏం జేస్తడు?" అని ఎవరైనా అడిగితే మా అమ్మ "నీళ్ల డిపార్ట్‌మెంటు" అని చెప్పి మాట మార్చేది.

మా ఇంటి వ్యాపారం నాస్. అదే ముక్కుపొడి. బజారులో మా దుకాణం ముత్తాత నాటిది. గిరాకీ కొన్నా కొనకపోయినా ముందు ఒక చిటికెడు చేతిలో పెట్టడం మా నాయన పద్ధతి. పీల్చినవాడు తుమ్మితే మాల్ అసలుదని అర్థం. తుమ్ము రాకపోతే మా నాయన ముఖం చిన్నబోయి, ఇంకో డబ్బా మూత తీసేవాడు. దీనివల్ల పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా మా దుకాణం ముందు తుమ్ముల మోతే. (ఏదైనా మంచి పనికి బయలుదేరినవాళ్లు మా గల్లీలోకి వచ్చేవారు కాదు. పెళ్లిచూపులకు పోయేవాళ్లయితే చుట్టు తిరిగి చేపల బజారు మీదుగా పోయేవారు, వాసన భరించి మరీ.) నేను ఒక్కడే కొడుకుని. మా నాయన మధ్యాహ్నం తిని ఒక కునుకు తీసే వేళకు గద్దె మీద కూర్చోవడం చిన్నప్పటినుంచీ నా వంతు. ఈ మధ్యాహ్నపు వంతు ఏదో ఒకనాటికి పొద్దంతా వంతు అవుతుందని ఆయన ఆశ, నా భయం.

నీళ్లలో పని నాకు దొరకడం కూడా విచిత్రమే. జాలీలు శుభ్రం చేసే కాంట్రాక్టు కోస్తా నుంచి వచ్చిన ఒక జట్టుకు దక్కింది. వాళ్లకు తెలుగు తప్ప ఇంకేమీ రాదు. ప్లాంటు ఇంజనీరుతో కన్నడం, దుకాణాల్లో ఉర్దూ మాట్లాడిపెట్టే మనిషి కావాలని నన్ను పెట్టుకున్నారు. దేవదుర్గ వైపు మా అమ్మమ్మగారి ఊళ్లో ప్రతి వేసవీ కృష్ణలోనే పడి ఉండేవాణ్ణని మాటల్లో తెలిసి, జట్టు పెద్ద నన్ను నీళ్లలోకి దింపాడు. ఆయన్ని అందరం లంగరు బాబాయి అనేవాళ్లం. ఒకసారి ఒక మాట అన్నాడంటే ఇక అక్కడినుంచి కదిలేవాడు కాదు. అడుగున చీకటి ఎలా ఉంటుందో, కళ్లు మూసుకుని చేతులతో ఎలా చూడాలో, పైకి వచ్చేటప్పుడు మన బుడగలకంటే నెమ్మదిగా ఎందుకు రావాలో, అన్నీ ఆయనే నేర్పాడు. అడుగున ఆ చల్లటి చీకట్లో నా ఊపిరి నాకు వినబడుతూ ఉంటే, ఎవరూ తుమ్మని ఒక చోటు ఈ లోకంలో ఉందని మొదటిసారి తెలిసింది. నాకు ఆ పని పిచ్చిగా నచ్చింది.

ఆ చలికాలం చివర్లో జట్టును నడిపే కాంట్రాక్టు కంపెనీవాళ్లు నన్ను పర్మనెంటు డైవరుగా తీసుకుంటామన్నారు. ప్లాంటు ఇంజనీరు ముందు ఒక పరీక్ష మాత్రం ఇవ్వాలి. కిందికి దిగి, జాలీ అంతా తడిమి చూసి, పైకి వచ్చి ఏమేం ఉన్నాయో చెప్పాలి. ఇంట్లో ఈ మాట చెబితే మా నాయన చాలాసేపు డబ్బాలు తుడుస్తూ కూర్చున్నాడు. ఆఖరికి "సరే. పాసైతే పో, నేను అడ్డం రాను. ఫెయిలైతే మాత్రం తెల్లారి నుంచే గద్దె మీద కూసోవాలె. మల్లా నీళ్లు గీళ్లు అనొద్దు. మంజూరేనా?" అన్నాడు. నేను మంజూరే అన్నాను. మా అమ్మ ఇద్దరినీ చూసి "ఏమన్న వ్యాపారమా ఇది?" అని లోపలికి పోయింది.

సరిగ్గా అప్పుడే నాకు జలుబు పట్టింది. ముక్కు పట్టేసినప్పుడు నీళ్లలోకి దిగకూడదన్నది లంగరు బాబాయి మొదటి సూత్రం. చెవుల్లోకి గాలి ఆడకపోతే దిగేటప్పుడే చెవులు పోటెత్తుతాయి, అర నిలువు కూడా దిగలేం. అయితే నేను నాస్ దుకాణం వారసుణ్ణి కదా! ముక్కు తెరవడం ఎలాగో నాకు ఒకరు చెప్పాలా? బయలుదేరే ముందు మా నాయన కళ్లు గప్పి ఒక పొట్లం కట్టుకుని పోయాను. సిలిండరు ఎత్తుకోబోయే ముందు పంపుహౌస్ వెనక్కి పోయి, గట్టిగా ఒక పట్టు పట్టాను. ఆరేడు తుమ్ములు తుమ్మి, కళ్లు తుడుచుకుని చూద్దును కదా, ముక్కు రైలు గేటులా తెరుచుకుని ఉంది. ఇంత సులువైన మందు ఉండగా ఈ కోస్తావాళ్లు జలుబుకు భయపడి ఒడ్డున కూర్చుంటారేమిటని నవ్వుకున్నాను కూడా. ఆ రోజు దిగడం హాయిగా దిగాను.

వచ్చిన చిక్కల్లా పైకి వచ్చేటప్పుడే. సగం దూరం వచ్చానో లేదో కుడి కనుబొమ్మ పైన ఎవరో మేకు దిగ్గొట్టినట్టు పోటు మొదలైంది. ఇంకాస్త పైకి వచ్చేసరికి ఎడమ చెవి టక్కున తెరుచుకుంది, కుడిది తెరుచుకోలేదు. అంతే, లోకం గిర్రున తిరగడం మొదలుపెట్టింది. పైన ఏదో, కింద ఏదో తెలియలేదు. పట్టుకున్న తాడే నాకు అడ్డంగా పడుకున్నట్టు అనిపించింది. కాసేపు తాడును కావలించుకుని ఉండిపోతే తిరుగుడు తగ్గింది. ఒడ్డెక్కాక తల పట్టుకుని కూర్చుంటే "ఏంట్రా అబ్బాయ్, అలా ఉన్నావేంటి?" అని లంగరు బాబాయి అడిగాడు. "ఏం లేదు బాబాయ్, పొద్దున ఏం తినలేదు" అన్నాను. అది నమ్మి ఆయన తన ఉప్మాలో సగం నాకు పెట్టాడు. దిగిన ప్రతిసారీ ఇదే తంతు. దిగేటప్పుడు రాజాలా దిగడం, ఎక్కేటప్పుడు తాగినవాడిలా రావడం.

ఇంట్లో మాత్రం ఎంతకని దాస్తాం? గుమ్మం దాటుతూ గోడ పట్టుకున్నాను, మా అమ్మ చూసింది. "పైత్యం" అని ఒక్క మాటలో తేల్చేసింది. ఇక పొద్దున్నే ధనియాల నీళ్లు, మధ్యాహ్నం ఉప్పులో నానిన నిమ్మకాయ, రాత్రి అరికాళ్లకు ఆముదం. అప్పటికీ తగ్గకపోతే దిష్టి అంది. గుప్పెడు ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. మా మాన్వి వైపు మిరపకాయలు, వాటి ఘాటు సంగతి చెప్పక్కర్లేదు. ఇల్లంతా దగ్గుకుంటూ వీధిలోకి పరిగెత్తాం. నా ముక్కు ఆ దెబ్బకు తెల్లారేదాకా తెరుచుకోలేదు.

సంగతి బజారుకు పాకింది. మా దుకాణం ముందు చిటికెడు కోసం నిలబడ్డ ప్రతివాడూ ఒక మాట అనేవాడు. దిగేటప్పుడు లేని నొప్పి ఎక్కేటప్పుడు ఎందుకొస్తుందన్నదే అందరి ప్రశ్న. పక్క దుకాణం మిరపకాయల మామ "గంగమ్మ కాలు పట్టుకొని ఇడుస్తలేదు అల్లుడా, ఆమెకు నువ్వు నచ్చినవ్" అన్నాడు. అత్తరు చాచా అయితే "పైకి రావాలని దిల్ లేదు బేటా నీకు, పైకొస్తే ఈ దుకాన్ కనబడుతది కద" అన్నాడు. (ఇందులో కొంత నిజం ఉందని ఇప్పటికీ నా అనుమానం.) మా నాయన వాదన వేరు. "ఎక్కుడంటే ఎవనికైన తల తిరుగుతది. కోట గుట్ట ఎక్కి సూడు, నీకే ఎరికైతది. దిగేటప్పుడు ఎవనికన్న ఆయాసమొస్తదా? నీ పానం ఎక్కుడుకు పనికిరాదు, గంతే. గద్దె ఎత్తు రెండు మెట్లు. గది నీకు సరిపోతది."

"నాయినా, నీళ్లల్ల ఎక్కుడంటే కాళ్లతోని ఎక్కుడు కాదు. నీళ్లే లేపుతయి" అన్నాను.

"అయితే ఇంక మంచిగాయె. ఉత్తగ లేస్తేనే తల తిరిగెటోనివి, ఏం నౌకరీ జేస్తవ్?" అన్నాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఆశ్చర్యం ఏమిటంటే మా నాయన దుకాణం మూసి వచ్చాడు. పండగ రోజు కూడా ఒక తలుపు ఓరగా తెరిచి ఉంచే మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కి నది ఒడ్డుకు వచ్చి, ఇంజనీరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ఫెయిలవుతుంటే కళ్లారా చూసి, అక్కడినుంచి అటే గద్దె మీదికి తీసుకుపోదామని వచ్చాడనుకున్నాను. ఆ కసితో పంపుహౌస్ వెనక మామూలుకంటే డబల్ నాస్ పట్టాను. తుమ్ములు అవతలి ఒడ్డుకు వినిపించి ఉంటాయి. దిగాను. జాలీ పై అంచు నుంచి కింది అంచుదాకా తడిమాను. రెండు చువ్వలు వంగి ఉన్నాయి, ఒక మూల టార్పాలిన్ ముక్క చుట్టుకుని ఉంది. ఇన్నాళ్లలో ఎప్పుడూ అంత బాగా పని చేయలేదు. ఇక పైకి రావడమే మిగిలింది.

పైకి వస్తున్నాను, మేకు దిగింది. ఈసారి మేకు కాదు, గడ్డపార. కాస్త కిందికి దిగితే నొప్పి తగ్గుతోంది, పైకి జరిగితే తల పగిలిపోతోంది. కిందనే ఉండిపోదామంటే సిలిండరులో గాలి ఎంతసేపని ఉంటుంది? పైన మా నాయన, లోపల గడ్డపార. రెండింటి మధ్యా తాడు పట్టుకుని నత్తలా జరుగుతూ వచ్చాను. సగంలో మళ్లీ ఆ గిర్రున తిరుగుడు. వాంతి వచ్చేలా ఉంది. కళ్లు మూసుకుని తాడును మాత్రం వదల్లేదు. దేవుడు నెమ్మదిగా తిప్పడం ఆపాక మళ్లీ జరిగాను. నీళ్ల పైకి తల పెట్టేసరికి, కళ్లకూ ముక్కుకూ కట్టుకున్న అద్దంలో నాకు లోకం ఎర్రగా కనబడింది. ముక్కులోంచి నెత్తురు కారి అద్దం అడుగున చేరింది. నన్ను ఒడ్డుకు లాగి కూర్చోబెడితే, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాను.

ఇంజనీరు కన్నడంలో "బేడప్పా, ఇవను బేడ" అన్నాడు. వద్దయ్యా, వీడు వద్దు అని. అయిపోయింది, తెల్లారి నుంచి గద్దె. అప్పుడు వినబడింది మా నాయన గొంతు, దుకాణంలో గిరాకీ చెయ్యిజారిపోతుంటే వినబడే గొంతు.

"సాబ్, జర ఆగుండ్రి. పోరడు లోపట పని మొత్తం జేసిండా లేదా? ఏమేం ఉన్నయో అడుగుండ్రి. చెప్పకుంటే అప్పుడు వద్దనుండ్రి" అన్నాడు. నేను పడుకునే వంగిన చువ్వలూ, టార్పాలిన్ సంగతీ చెప్పాను. "సూసిండ్రా! మాల్ పక్కా ఉన్నది. ఇగ పైకొచ్చేటప్పుడు జర తల తిరిగింది, దానికి మొత్తం సౌదా క్యాన్సల్ జేస్తరా? కొంచెం అటిటు ఉంటది సాబ్, సర్దుకోవాలె."

ఒప్పందం ప్రకారం ఆయన గెలిచాడు. గెలిచినవాడు ఓడినవాడి తరఫున బేరం ఎందుకాడుతున్నాడో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. (తల ఇంకా తిరుగుతోంది, అందువల్లేమో అనుకున్నాను.) లంగరు బాబాయి మాత్రం మెత్తబడలేదు. "దిగడం ఎవడైనా దిగుతాడండీ. పైకి సరిగ్గా రావడమే మా పని. వీడు ఇవాళ పాసైనా నేను దింపను" అని, "ముందు డాక్టరుకు చూపించండి. మేం ఇక్కడ ఉన్నన్నాళ్లలో తగ్గితే ఇంకోసారి దింపి చూపిస్తాను. ఇంజనీరుగారికి నేను చెప్పుకుంటాను" అన్నాడు. మా నాయన ఆ ఒక్క మాటనే గట్టిగా పట్టుకుని, ఇంజనీరు చేత ఊ అనిపించుకుని మరీ కదిలాడు.

మర్నాడు చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ దగ్గరికి నన్ను ఆయనే తీసుకుపోయాడు. ఆమె కన్నడావిడ. లైటు వేసి నా ముక్కులోకి చూసి "అయ్యయ్యో!" అంది. "మూగిగె ఏన్ హాక్తీయప్పా?" అని అడిగింది. ముక్కులో ఏం వేస్తున్నావు అని. నేను మా నాయన వైపు చూశాను. ఆయన సరిగ్గా అప్పుడే జేబులోంచి డబ్బా తీసి, అలవాటు ప్రకారం డాక్టరమ్మకు ఒక చిటికెడు ఇవ్వబోతున్నాడు.

ఆమె తెలుగూ కన్నడం కలిపి విడమరిచి చెప్పింది. నాస్ పట్టగానే తుమ్ములతో ముక్కు తెరుచుకుంటుంది గానీ, ఆ మంటకు లోపల మరింత వాచిపోతుంది. తెరుచుకున్న ఆ కొద్దిసేపట్లో నేను కిందికి దిగిపోతున్నాను. అడుగున ఉండగానే దారులు మూసుకుంటున్నాయి. పైకి వస్తుంటే చెవుల్లో, నొసటి ఎముకలో చిక్కిన గాలి ఉబ్బుతుంది, దానికి బయటికి దారి లేదు. అదే తలనొప్పి. ఒక చెవిలో గాలి ముందు పోయి రెండో చెవిలో నిలిచిపోతే తల తిరుగుతుంది. పైత్యం లేదు, గంగమ్మా లేదు.

మా నాయన ముఖం కందగడ్డ అయింది. "మా నాస్ తోని ఇంతవరకు ఎవ్వనికి ఏం కాలేదు డాక్టరమ్మా. తాతల కాలం నుంచి అమ్ముతున్నం" అన్నాడు.

"మీ గిరాకీలు నీళ్ల కిందికి పోరు కదండీ" అంది ఆమె. "నాస్ బంద్. దాని ధూళి కూడా తగలొద్దు. తగిలితే మళ్లీ వాస్తుంది."

మా నాయన డబ్బా మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా "అంటే, దుకాణంల కూసుంటే?" అని అడిగాడు.

"ఆ దుకాణంలో కూర్చుంటే ఈ అబ్బాయి నీళ్లలోకి దిగలేడు."

ఇద్దరం ఇంటిదారి పట్టాం. నాకు ఒకటే దడ. ఇప్పుడు నా నౌకరీ తాళంచెవి సాక్షాత్తూ మా నాయన చేతిలో పడింది. ఆయన అబద్ధం ఆడక్కర్లేదు, తగువు పెట్టుకోనక్కర్లేదు. నేను ఇంట్లో ఉన్న రోజుల్లో అన్నట్టే "జర కూసో, తిని వస్త" అంటే చాలు. నేను కాదనలేను. కాదంటే ఆయన అన్నం తినేదెప్పుడు? గద్దె మీద నాలుగు మధ్యాహ్నాలు కూర్చుంటే, లంగరు బాబాయి జట్టు సామాను సర్దుకునే నాటికి నా ముక్కు గుమ్మడికాయ అవుతుంది. మర్నాడు మధ్యాహ్నం మా అమ్మ ఇచ్చిన టిఫిన్ గిన్నె పట్టుకుని, దింపుడు కళ్లం ఆశతో దుకాణానికి నడిచాను. మెట్టు మీద కాలు పెట్టబోయాను.

"ఆగు!" అని ఒక్క కేక వేశాడు మా నాయన. గిరాకీలు ఉలిక్కిపడ్డారు. "ఆడ్నే ఆగు. మెట్టెక్కకు."

"తినవా నాయినా?"

"గిన్నె ఆ అరుగు మీద పెట్టి పో. నేను తింట."

"మరి దుకాణం?"

"నీకెందుకు? ముత్తాత నుంచి నడుస్తలేదా? ఆ డాక్టరమ్మ ఏం జెప్పింది? ధూళి గూడ తగలొద్దన్నది. నీ పానం ఎట్లుంది ముందు గది సూస్కో. ముక్కుకు రుమాల్ కట్టుకొని ఈ గల్లీ దాటు. పో, జల్ది పో!" అన్నాడు.

అప్పటినుంచి జట్టు ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆయన అరుగు మీద నిలబడే అన్నం తిన్నాడు, కునుకు మానేశాడు. సాయంత్రం ఇంటికొచ్చి, బావి దగ్గరే స్నానం చేసి, దుకాణం చొక్కా దండెం మీద బయటే ఆరేసి, అప్పుడు లోపలికి వచ్చేవాడు. బజారులో ఎవరైనా "కొడుకును దుకాణం మెట్టెక్కనిస్తలేవట?" అని వేళాకోళం చేస్తే, "వానిది నీళ్ల డిపార్ట్‌మెంటు" అనేవాడట.

రెండో పరీక్షలో పాసయ్యాను. పైకి వస్తుంటే రెండు చెవులూ కిచ్ కిచ్‌మని ఒకేసారి గాలి వదిలాయి. తల తిరగలేదు, నొప్పి లేదు. నీళ్లలోంచి తల ఎత్తితే సూర్యుడు ఉండాల్సిన చోటే ఉన్నాడు. జట్టు స్కూటరు అడిగి తీసుకుని తిన్నగా బజారుకు వచ్చి, దుకాణం ఎదుట రోడ్డు మీదే నిలబడి "పాసైన నాయినా!" అని అరిచాను. మా నాయన చేతిలోని తూకం అలాగే ఆగిపోయింది. "ఆడ్నే ఉండు" అన్నాడు. గద్దె దిగాడు. పక్క హోటలు కుళాయి దగ్గర సబ్బు అడిగి తీసుకుని మోచేతులదాకా కడుక్కున్నాడు, ముఖం కడుక్కున్నాడు, వాసన చూసుకుని మళ్లీ కడుక్కున్నాడు. గిరాకీలను అలాగే వదిలేసి రోడ్డు దాటి వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టాడు.

ఆ చెయ్యి తల మీద ఎంతసేపు ఉందో నాకు గుర్తులేదు, ఎందుకంటే నేను నిలబడలేదు. కోస్తావాళ్లు బిర్యానీ దగ్గర నా కోసం చూస్తున్నారని స్కూటరు తిప్పుకుని వెళ్లిపోయాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, ఎన్నో నీళ్లలో దిగాను, జాగ్రత్తగానే పైకి వచ్చాను. దుకాణంలో కూర్చోమని మా నాయన మళ్లీ ఒక్కసారి కూడా అడగలేదు. ఎందుకు అడగలేదని నేనూ అడగలేదు. నడి రోడ్డు మీద తడి చేతులతో నిలబడి, ముత్తాత నాటి దుకాణానికి ఇక వారసుడు లేడని ఆ రోజు ఆయన ఒప్పుకున్నాడు. స్కూటరు మీద పోతున్న ఆ వెర్రివాడికి మాత్రం, ముక్కు తెరుచుకుందన్న సంతోషం ఒక్కటే తెలిసింది.